పేరుకు ధర కట్టిందెవరు?

ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ వెబ్‌సైటు చిరునామా 'సీఆర్‌డీఏ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. తుళ్లూరులో ఒక రైతు తన ప్లాటు వివరాల కోసం దీన్ని సెల్‌ఫోన్లో కొట్టాడనుకుందాం. మనం ఎడమ నుంచి చదివే ఈ చిరునామాను యంత్రం కుడి చివర నుంచి విప్పుకుంటూ వస్తుంది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ దగ్గరున్న సర్వరు ముందు రూట్ సర్వర్లలో ఒకదాన్ని పట్టుకుని, డాట్ ఇన్ వివరాలు ఎవరి దగ్గరున్నాయని అడుగుతుంది. రూట్‌కు తెలిసింది ఆ ఒక్క ముక్కే, అదే చెబుతుంది. డాట్ ఇన్ సర్వర్లు గవ్ డాట్ ఇన్ వైపు, అక్కడి సర్వర్లు ఏపీ వైపు దారి చూపిస్తాయి. చివరికి నాలుగు అంకెల గుంపులున్న ఒక సంఖ్య చేతికొస్తుంది. ఫోను మాట్లాడేది ఆ సంఖ్యతోనే. రెప్పపాటు కూడా పట్టని ఈ పనిలో ఏ సర్వరుకూ మొత్తం ప్రపంచం తెలియదు. తన కింది మెట్టు ఎవరిదో తెలిస్తే చాలు. డొమైన్ నేమ్ సిస్టమ్ అని పిలిచే ఈ ఏర్పాటులో ధర అనే గడి ఎక్కడా లేదు. అయినా ఇందులోని పేర్లు లక్షల డాలర్లు పలుకుతున్నాయి, వాటిని కొని అమ్మడం కొందరికి వృత్తి అయింది, మన యువకుల్లోనూ దాని మీద ఆశ పెట్టుకున్నవాళ్లున్నారు. పేరుకు ధర పుట్టించింది ఆ పేర్లను పంచిన నియమమని, కాబట్టి ఈ వృత్తిలోని మంచిచెడ్డలను కూడా ఆ నియమం దగ్గరే తూచాలని నా వాదన.

యంత్రం పుట్టుక చూస్తే ఇది తేటపడుతుంది. 1970ల్లో అమెరికాలో ఇంటర్నెట్‌కు ముందరి ఆర్పానెట్ నడుస్తున్న కాలంలో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైలులో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫీన్లర్ బృందం ఆ ఫైలును చేత్తో సరిదిద్దుతుండేది. కొత్త కంప్యూటరు పెట్టినవాళ్లు ఆ ఆఫీసుకు కబురు పెట్టి పేరు ఎక్కించుకునేవాళ్లు, మిగతావాళ్లు ఎప్పటికప్పుడు ఆ ఫైలును దించుకునేవాళ్లు. యంత్రాలు వందల్లో ఉన్నంతకాలం సాగింది. లెక్క వేలకు చేరబోతోందనగానే ఆ పట్టిక మోయలేని బరువైంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సంస్థలో పనిచేస్తున్న పాల్ మొకపెట్రిస్‌కు ఈ చిక్కు విప్పే పని అప్పగించింది అక్కడే పనిచేసే జాన్ పోస్టెల్. 1983 నవంబరులో మొకపెట్రిస్ ప్రతిపాదన బయటికొచ్చింది. ఒకే పట్టికను కొమ్మలుగా విడగొట్టి, ఏ కొమ్మ బాధ్యత ఆ కొమ్మవాళ్లకే అప్పగించడం అందులోని కీలకం. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంపెనీ మొదటి డాట్ కామ్ పేరు తీసుకుంది. ఆ ఏడాది మొత్తానికి డాట్ కామ్ తీసుకున్నవాళ్లు ఆరుగురే. రుసుము లేదు. పోటీ అంతకన్నా లేదు.

ఈ యంత్రం సరిగ్గా పనిచేయాలంటే ఒకే ఒక్క షరతు తప్పనిసరి. ప్రపంచం మొత్తంలో ఒక పూర్తి పేరు ఒక్కరికే ఉండాలి. ట్రేడ్‌మార్కుకు ఈ ఇరుకు లేదు. ఒకే పేరుతో ఒకరు నూనె అమ్ముకోవచ్చు, ఇంకొకరు సైకిళ్లు అమ్ముకోవచ్చు. డొమైన్‌లో అది కుదరదు. అయితే ఆ ఒక్కరు ఎవరై ఉండాలో యంత్రం చెప్పదు. ముందొచ్చినవాడిదే పేరు అన్నది నిర్వాహకులు ఎంచుకున్న పద్ధతి. అడిగినవాళ్ల అర్హత విచారించే తీరిక లేనప్పుడు అది తేలిక కాబట్టి ఎంచుకున్నారు. 1994లో పోస్టెల్ రాసిన పత్రంలో, పేర్ల కొమ్మలను నడిపేవాళ్లు హక్కులు, యాజమాన్యం అనే మాటలు పక్కన పెట్టి సమాజానికి చేయాల్సిన సేవ, బాధ్యత గురించి ఆలోచించాలన్న హితవు ఉంది. మరుసటి ఏడాది సెప్టెంబరులోనే, పేర్ల నమోదు చూసే నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీకి పేరుకు రెండేళ్లకు 100 డాలర్ల చొప్పున వసూలు చేసుకునే అనుమతి దొరికింది. డబ్బు కట్టినవాడికి ఇది నా సొత్తు అనిపించడం సహజం. నిజానికి ఆ డబ్బు ఆ గడువు వరకు కట్టే అద్దె మాత్రమే.

నియమం మారితే వ్యాపారం ఎలా మాయమవుతుందో చూడాలంటే మళ్లీ గవ్ డాట్ ఇన్ దగ్గరికే రావాలి. అక్కడ ప్రభుత్వ సంస్థలకు తప్ప పేరు ఇవ్వరు. కాబట్టి ఆ కొమ్మ మీది పేరును వేలంలో పెట్టేవాళ్లూ లేరు, ముందుగా పట్టుకుని బేరమాడేవాళ్లూ లేరు. డాట్ కామ్‌లోనూ అదే రకం సర్వర్లు, అదే ప్రశ్నోత్తరం. తలుపు దగ్గర అడిగే ప్రశ్న ఒక్కటే వేరు.

డాట్ కామ్ తలుపు తెరిచి ఉందని మొదట గ్రహించినవాళ్లలో రెండు రకాలున్నారు. అమెరికాలో డెన్నిస్ టోపెన్ అనే వ్యక్తి పేరున్న కంపెనీల పేర్లను వందకు పైగా తన పేర నమోదు చేసుకున్నాడు. పానావిజన్ అనే సినిమా కెమెరాల కంపెనీని 13,000 డాలర్లు అడిగాడు. 1998లో అక్కడి అప్పీలు కోర్టు అతని వాదన తోసిపుచ్చింది. ఇంకొక రకం, బిజినెస్ డాట్ కామ్ లాంటి మామూలు మాటలను పట్టుకున్నవాళ్లు. ఆ పేరు 1997లో లక్షన్నర డాలర్లకు, 1999లో 75 లక్షల డాలర్లకు చేతులు మారింది. ఈ రెండో దాంట్లో ఎవరి కష్టాన్నీ కాజేయలేదు. వ్యాపారం అనే మాటను ఏ కంపెనీ పెంచి పెద్దచేయలేదు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి తిట్టడం తప్పు, ఒకే గాటన కట్టి మెచ్చుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇంత పెద్ద మొత్తాలు చూసి వృత్తిలోకి దిగాలనుకునేవాళ్లు ముందు అద్దె లెక్క వేసుకోవాలి. ఒక పేరుకు ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలనుకుంటే వంద పేర్లకు ఏటా లక్ష. నూటికి ఒకటో రెండో పేర్లు ఏడాదిలో అమ్ముడైతే మేలేనని ఈ రంగంలోవాళ్లే చెప్పుకుంటారు. అంటే ఆ ఒక్క పేరు లక్షకు పైగా పలికితేనే తక్కినవాటి అద్దె పోను నాలుగు డబ్బులు మిగిలేది. గడువు తీరినా కట్టకపోతే కొన్నాళ్లు వెసులుబాటు, ఆపైన 30 రోజులు అపరాధ రుసుముతో విడిపించుకునే అవకాశం, చివరికి 5 రోజుల నిరీక్షణ, ఆ తర్వాత పేరు మళ్లీ అందరిదీ. ఆ విడుదలయ్యే క్షణం కోసం కాచుకుని సెకనులో వందల అభ్యర్థనలు పంపే కంపెనీలున్నాయి. ఇంట్లో కూర్చుని ఒక ల్యాప్‌టాప్‌తో వాటి మీద గెలవడం దాదాపు అసాధ్యం.

ఇక్కడ గుంటూరు మనిషి ఒక గట్టి అభ్యంతరం చెబుతాడు. మిర్చి యార్డులో టిక్కీలు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర వచ్చినప్పుడు అమ్ముకునే వ్యాపారి పైరు వేయలేదు, కోత కోయలేదు. అయినా అతన్ని దొంగ అనం. పేర్లు దాచుకున్నవాడిని మాత్రం ఎందుకనాలి? పోలిక బలమైనదే. నష్టానికి తెగించి నిల్వ చేయడం ఇద్దరిలోనూ ఉంది, అద్దె భారమూ ఉంది. కానీ ఒక వ్యాపారి తేజ రకం దాచుకుంటే ఇంకో పది మంది దగ్గర అదే తేజ దొరుకుతుంది. ధర నచ్చకపోతే కొనేవాడు పక్క షాపుకు వెళ్తాడు. పైగా దాచిన సరుకుకు రైతుకు ఎంతో కొంత ముందే ముట్టింది. పేరు విషయంలో రెండో నిల్వ లేదు, దానికి విలువ తెచ్చినవాడికి ముట్టిందీ లేదు. అందుకే మామూలు మాటలు అమ్మేవాడికి ఈ పోలిక చెల్లుతుంది, ఇంకొకరి పరపతిని ముందుగా పట్టుకున్నవాడికి చెల్లదు.

ఈ తేడాను మన దేశంలో చట్టబద్ధంగా నిలబెట్టిన కేసు తెలుగువాళ్ల కంపెనీదే. హైదరాబాద్‌లో రామలింగరాజు నడిపిన సత్యం కంప్యూటర్స్ పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే. ఆ రెండు మాటల ముక్కలను అతికించి తయారుచేసుకున్న పేరు 'సిఫీ'. 1999లో సిఫీనెట్, సిఫీమాల్ వంటి పేర్లు నమోదు చేసుకుని, అదే ఏడాది అక్టోబరులో అమెరికా నాస్‌డాక్‌లో షేర్లు పెట్టింది. నవంబరులో రాజేశ్ జైన్ 1995 నుంచి పెంచిన ఇండియావరల్డ్‌ను 499 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించింది. సమాచార్, ఖోజ్, ఖేల్, బావర్చి అనే సైట్లు దాని కింద ఉండేవి. అన్నీ హిందీలో రోజూ వాడే మాటలే. అంత డబ్బు వట్టి మాటలకే పోశారని కొందరనుకుంటారు గానీ, ఏళ్ల తరబడి ఆ సైట్లకు అలవాటుపడిన పాఠకులకు కట్టిన వెల అది. ఆ పాఠకులు లేకుంటే ఖోజ్ అనే మాటకు అంత పలికేదా?

2001లో ఇంకో కంపెనీ ఒక అక్షరం అదనంగా చేర్చి 'సిఫ్ఫీనెట్' అని నమోదు చేసుకుని ఇంటర్నెట్ మార్కెటింగ్ మొదలుపెట్టింది. తమ ప్రమోటర్ల పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరు వచ్చిందని వాదించింది. బెంగుళూరు సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన నిషేధపుటుత్తర్వు ఇచ్చింది, కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2004 మే 6న సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు రుమా పాల్, పి. వెంకటరామరెడ్డి హైకోర్టు తీర్పును పక్కనపెట్టి కింది కోర్టు ఉత్తర్వును నిలబెట్టారు. డొమైన్ పేరు వట్టి చిరునామా స్థాయి దాటి వ్యాపారానికి గుర్తింపుగా మారిందని, దీనికి ప్రత్యేక చట్టం లేకపోయినా ఒకరి సరుకును తమదిగా చెలామణీ చేసుకోవడాన్ని అడ్డుకునే పాత న్యాయసూత్రం దీనికీ వర్తిస్తుందని తేల్చారు. కోర్టు చూసింది ఒకటే. ఆ పేరుకు మంచిపేరు తెచ్చిపెట్టింది ఎవరు, దాన్ని వాడుకుంటున్నది ఎవరు? నేను అడుగుతున్న ప్రశ్న కూడా ఇదే. తర్వాతి చరిత్ర దీన్ని ఇంకా బలపరిచింది. 2005లో సత్యం తన వాటాను రాజు వేగేశ్నకు అమ్ముకుంది, సిఫీ పేరు ఈనాటికీ నడుస్తోంది. 2009 జనవరిలో లెక్కల మోసం బయటపడ్డాక 'సత్యం' అన్న పేరును మాత్రం కొత్త యజమానులు కొన్నేళ్లకే వదిలించుకున్నారు. అక్షరాలు మారలేదు. వాటి వెనక నడత మారింది, విలువ దాంతోపాటే పోయింది.

ఊరి పేరు దగ్గరికొచ్చేసరికి ఈ ప్రశ్నకు జవాబు జటిలమవుతుంది. కృష్ణ ఒడ్డున స్తూపం ఉన్న అమరావతి ఒకటి, 2015లో రాజధానికి పెట్టిన అమరావతి ఒకటి, మహారాష్ట్రలో పెద్ద నగరం ఇంకొకటి. ఎవరికివ్వాలి? ఊరి పేరు ఎవరి సొత్తూ కాదు కాబట్టి ముందొచ్చినవాడికే ఇవ్వడం న్యాయమని వాదించేవాళ్లకు తీర్పుల అండ ఉంది. 2003లో అమెరికా అప్పీలు కోర్టు బార్సిలోనా డాట్ కామ్ విషయంలో నగరపాలక సంస్థకు ఆ పేరు మీద హక్కు లేదంది. న్యూజిలాండ్ తన పేరున్న డాట్ కామ్‌ను ఫిర్యాదుతో తెచ్చుకోలేక డబ్బిచ్చి కొనుక్కుంది. వట్టి ఊరి పేరు వరకు ఈ వాదన నాకు సమ్మతమే. అమరావతి పేరుతో ఒకాయన యాత్రికుల కోసం సైటు పెట్టుకుంటే తప్పేముంది? కానీ ఊరి పేరు సరుకు పేరుతో కలిసినప్పుడు సంగతి వేరు. గుంటూరు సన్నం మిర్చి, మంగళగిరి చీర, దుర్గి శిల్పం అనేవి తరాల రైతులు, నేతగాళ్లు, శిల్పులు సంపాదించుకున్న పేర్లు. మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు డొమైన్ వివాదంలో ఎంతవరకు అక్కరకొస్తుంది? 2011లో ఫ్రాన్స్ షాంపేన్ ఉత్పత్తిదారుల సంఘం షాంపేన్ డాట్ సీఓ కోసం ఫిర్యాదు చేసి ఓడిపోయింది. డొమైన్ ఫిర్యాదుల నియమాలు ట్రేడ్‌మార్కు హక్కును అడుగుతాయి, భౌగోళిక గుర్తింపు ఒక్కటే దానికి సాటిరాదన్నది తీర్పు. షాంపేన్‌కే దక్కనిది సన్నానికి దక్కుతుందని ధీమాగా ఉండలేం.

మన పేర్లకు ఇంకో ఇబ్బంది ఇంగ్లీషు అక్షరాలతో వస్తుంది. అమరావతి చివరి 'తి'ని కొందరు టి-ఐ అని, కొందరు టి-హెచ్-ఐ అని రాస్తారు. నడిమి దీర్ఘానికి ఒక ఏ పెట్టేవాళ్లు, రెండు పెట్టేవాళ్లు ఉన్నారు. ప్రతి రూపమూ యంత్రానికి వేరే పేరే, కాబట్టి మోసగాడికి అన్ని తలుపులు. తెలుగు లిపిలో రాస్తే ఈ గందరగోళం చాలావరకు తీరుతుంది. తెలుగు అక్షరాల 'డాట్ భారత్' 2011లోనే రూట్‌లో చేరింది. లోపల యంత్రం ఆ అక్షరాలను ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసిన సంకేతంగా మార్చుకుని పని నడుపుతుంది. ఇన్నేళ్లయినా దాన్ని వాడేవాళ్లు తక్కువ. తెలుగు చిరునామాతో ఈ-మెయిల్ ఇస్తే ఒప్పుకోని ఫారాలు ఎన్నో ఉన్నాయి, ఈ నిర్లక్ష్యం బాధ కలిగిస్తుంది.

ఇప్పుడంతా గూగుల్‌లో వెతుక్కుంటారు, యాప్‌లలో కొంటారు, పేరుతో పనేముందని ఒక మాట వినిపిస్తుంది. డబ్బు కట్టేముందు ఏ సైటు అసలుదో తేల్చుకోవడానికి మిగిలిన ఆనవాలు ఆ చిరునామానే. నకిలీ బ్యాంకు సైట్ల బాధితుల్ని అడిగితే పేరు ఎంత పనిచేస్తుందో తెలుస్తుంది.

డొమైన్ పేర్ల నియమాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ 2016 నవంబరులో హైదరాబాద్‌లోనే సమావేశమైంది. అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ తొలగిపోయాక జరిగిన తొలి పెద్ద సమావేశం అది. డాట్ ఇన్ నియమాల కోసం అంత దూరం కూడా పోనక్కర్లేదు. 2005 నుంచి ఆ కొమ్మను నడుపుతున్న నిక్సీ సంస్థ మనదే, వివాదాల పరిష్కార విధానమూ మనదే. నమోదైన భౌగోళిక గుర్తింపును ట్రేడ్‌మార్కుతో సమానంగా ఫిర్యాదుకు ఆధారంగా తీసుకుంటామని ఆ విధానంలో స్పష్టంగా ఒక వాక్యం చేరిస్తే చాలు. మామూలు మాటల వ్యాపారికి దానివల్ల పైసా నష్టం లేదు. ఆ వాక్యం చేరేలోగా రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, చేనేత సహకార సంఘాలు తమ సరుకు పేరును నాలుగైదు వర్ణక్రమాల్లో, తెలుగు లిపిలోనూ ముందే తీసుకోవచ్చు. ఒకేసారి పదేళ్ల వరకు అద్దె కట్టే వీలుంది. సైటు తయారుచేసిన కుర్రాడి సొంత ఖాతాలో కాకుండా సంఘం పేరనే నమోదు చేయించాలి. రెన్యూవల్ కబురు కూడా ఒక్కరి ఫోనుకే కాకుండా సంఘం ఈ-మెయిల్‌కు చేరేట్టు చూసుకోవాలి.