పలక పట్టిన పాలేరు

కోనసీమలోని ఉన్నత పాఠశాలల పూర్వవిద్యార్థుల ప్రసక్తి రాగానే మంత్రులను, న్యాయవాదులను లెక్కించడం పరిపాటి. కాని బడి గడప దాటడమే ఘనవిజయమైన వారి మాటేమిటి? 1911లో మామిడికుదురులో పేద దళిత కుటుంబాన జన్మించిన బోయి భీమన్న స్వాతంత్ర్యానికి పూర్వమే ‘పాలేరు’ నాటకం రచించారు. కామందు కొలువులోని పాలేరు కుర్రవాడు చదువుకొని డిప్యూటీ కలెక్టరు కావడం అందలి ఇతివృత్తం. కామందు పశువుల కొట్టానికీ, బడి గుమ్మానికీ నడుమ ఆనాడు గోదావరిపాయను మించిన అంతరం ఉండేది! తరువాత భీమన్నకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 2001లో పద్మభూషణ్ లభించాయి. అవి గొప్పవే. అయితే ఊరూరా ఆ నాటకం చూచిన పాలేర్లు ఎందరో కామందుల కొలువు విడిచి, పలక చేతబట్టి బడిలో కూర్చున్నారు.