మంచు వాలుపై సాహసం: మూల్యం ఎవరిది?

కాశ్మీర్‌లోని గుల్మార్గ్ సమీపాన అఫర్వత్ పర్వతంపై 2023 ఫిబ్రవరి 1న మంచు చరియలు విరిగిపడి పోలెండ్‌కు చెందిన ఇద్దరు స్కీయర్లు దుర్మరణం పాలయ్యారు. 19 మంది విదేశీయులను, ఇద్దరు స్థానిక గైడ్లను సహాయక బృందాలు ప్రాణాలతో కాపాడగలిగాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరి 22న, ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరుగుతున్న రోజుల్లోనే, గుల్మార్గ్ ఎగువ వాలుల్లో మరో చరియ ఒక రష్యా స్కీయర్‌ను బలిగొంది. ఈ రెండు ప్రమాదాలూ నిర్ణీత స్కీయింగ్ మార్గాలకు వెలుపల సంభవించినవే కావడం గమనార్హం.

గుల్మార్గ్‌కు స్కీయింగ్ కొత్త కాదు. 1927లోనే బ్రిటిష్ సైనికాధికారులు ఇక్కడ స్కీ క్లబ్‌ను నెలకొల్పారు. అయితే ఈ ప్రాంతాన్ని ప్రపంచ పటంలోకి ఎక్కించింది గొండోలా రోప్‌వే. 1998లో కొంగ్‌డూరి వరకు నడిచిన ఈ రోప్‌వేను 2005లో అఫర్వత్ భుజం వరకు పొడిగించారు. సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మార్గ్ నుంచి 4,000 మీటర్ల సమీపానికి శ్రమ లేకుండా చేరుకునే వీలు కలిగింది. రోప్‌వేకు ఎదురుగా ఉన్న ప్రధాన లోయను స్కీ గస్తీ సిబ్బంది పరిశీలించి, అవసరమైతే పేలుడు పదార్థాలతో ప్రమాదకరమైన మంచును ముందుగానే కిందికి దింపుతారు. ఆ హద్దు దాటితే కాపలా లేదు. ఎవరూ తొక్కని తాజా మంచు కోసం స్కీయర్లు ఆరాటపడేది మాత్రం ఆ హద్దు అవతలికే.

పూర్వం ఈ ఎత్తుకు కాలినడకన చేరవలసి వచ్చేది. గంటల తరబడి సాగే ఆ అధిరోహణలో మంచు స్వభావం అడుగడుగునా తెలిసివచ్చేది. రోప్‌వే శ్రమతో పాటు ఆ పాఠాన్ని కూడా తొలగించింది.

వాలులోనే ఉన్న ముప్పు

చరియలు విరగడానికి అనువైన వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటుంది. స్కీయర్లు కోరుకునేదీ సరిగ్గా అటువంటి వాలునే. చలి తీవ్రంగా ఉన్న రోజుల్లో మంచు పొరల మధ్య పట్టులేని రేణువులు ఏర్పడతాయి. ఆపై భారీగా కురిసిన మంచు వాటిపై పలకలా నిలుస్తుంది. ఒక్క మనిషి బరువు పడినా ఆ పలక మొత్తం పగిలి జారిపోవచ్చు. చరియలకు బలైన సాహసికులలో అత్యధికుల విషయంలో, దానిని కదిలించింది వారు గానీ వారి సహచరులు గానీ కావడం ఈ క్రీడలోని చేదు నిజం.

మంచు కింద పూర్తిగా కూరుకుపోయిన వారిని 10 నిమిషాలలోగా వెలికితీస్తే పదిమందిలో సుమారు తొమ్మిది మంది బతుకుతారని, అర్ధగంట గడిస్తే మూడో వంతు మందే దక్కుతారని స్విట్జర్లాండ్ అనుభవం చెబుతున్నది. అంత స్వల్ప వ్యవధిలో కింది నుంచి సహాయం అందడం దాదాపు అసాధ్యం. కాపాడవలసింది పక్కనున్న వారే. అందుకే సంకేతాలు పంపే ట్రాన్స్‌సీవర్, మంచులోకి గుచ్చి వెదికే పొడవాటి కడ్డీ, పార ప్రతి ఒక్కరి వద్దా ఉండాలి. వాటిని వాడే అభ్యాసమూ ఉండాలి.

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన ప్రయోగశాల పర్వత ప్రాంతాలకు చరియల హెచ్చరికలు జారీ చేస్తుంది. అయితే అవి విశాల ప్రాంతాన్ని ఉద్దేశించినవి. ఒక నిర్దిష్ట వాలు సంగతి అక్కడ నిలబడిన వారే తేల్చుకోవాలి.

ఇతరులపై పడే భారం

తన ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందన్న వాదన సాహసికుల్లో బలంగా ఉంది. కానీ మంచు వాలుపై ఎవరూ ఒంటరి కారు. పైనున్న వాడు కదిలించిన చరియ కిందనున్న వాడిని ముంచుతుంది. కూరుకుపోయిన వారి కోసం వెళ్లే గస్తీ సిబ్బంది, పోలీసులు అదే అస్థిరమైన మంచులో అడుగు పెట్టాలి. 2010 ఫిబ్రవరి 8న ఇదే ప్రాంతంలో శిక్షణ పొందుతున్న 17 మంది సైనికులు చరియ కింద ప్రాణాలు కోల్పోయారు. శిక్షణ, క్రమశిక్షణ కలిగిన వారిని సైతం పర్వతం మినహాయించదనడానికి ఇదే నిదర్శనం.

ఈ ప్రశ్న ఎవరెస్టుపై మరింత తీవ్రరూపంలో ఎదురైంది. 1970లో జపాన్ స్కీయర్ యుయిచిరో మియురా ఆ పర్వతం నుంచి స్కీలపై దిగేందుకు భారీ బృందంతో నేపాల్ వచ్చారు. ఏప్రిల్ 5న ఖుంబు మంచు ప్రపాతం కూలి ఆ యాత్రకు సామగ్రి మోస్తున్న ఆరుగురు షెర్పాలు మరణించారు. మే 6న మియురా పారాచూట్ సాయంతో దిగి, పడిపోయి, ప్రాణాలతో బయటపడ్డారు. ఆ యాత్రపై తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ లభించింది. దిగాలన్న కల ఒకరిది, మోసింది మరొకరు. ఆ మరొకరే తిరిగి రాలేదు.

గుల్మార్గ్‌లో స్థానిక గైడ్ల పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నమేమీ కాదు. శీతాకాలపు కొద్ది వారాలే వారి సంపాదన కాలం. దూరదేశం నుంచి సొమ్ము చెల్లించి వచ్చిన అతిథి తాజా మంచు కోరినప్పుడు ‘ఈరోజు వద్దు’ అని చెప్పడం సులభం కాదు. వెనుదిరిగిన రోజు కూడా కూలి పూర్తిగా దక్కుతుందన్న హామీ ఉన్నప్పుడే గైడ్ నోట నిజమైన సలహా వస్తుంది. అతనికి బీమా, ప్రమాదం జరిగితే కుటుంబానికి ఆసరా కల్పించడం దయాధర్మం కాదు, కనీస న్యాయం.

నిషేధాలతో పర్వతాలకు తాళం వేయలేరు. వేయవలసిన అవసరమూ లేదు. హెచ్చరికను చదవడం, వాలును ఒక్కొక్కరుగా దాటడం, పరికరాలు లేనిదే హద్దు దాటకపోవడం, అనుమానం కలిగితే వెనుదిరగడం స్కీయర్ల చేతిలో ఉన్నవే. వెనుదిరిగిన వారికి పర్వతం మరుసటి రోజూ అక్కడే ఉంటుంది. వారి కోసం చరియల్లోకి వెళ్లవలసిన వారు ఆ సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరతారు.