కోతా, అప్పూ – ఒకే మాట

జపాను భాషలో క్రియలు మూడు జట్లు. మొదటిది 'గోదన్', అంటే అయిదు మెట్లు. 'కకు' అంటే రాయడం: కకనై, కకిమసు, కకు, కకెబ, కకో. మన గుణింతమే! రెండో జట్టు సులువు. 'తబెరు' (తినడం)లో 'రు' తీసేసి 'మసు' అతికిస్తే సరి. మూడోదానిలో సురు, కురు రెండే. బట్టీ పట్టాలి, తప్పదు.

నేను బోర్లాపడింది వేరేచోట. 'కరు' అంటే కోయడం, మొదటి జట్టు. 'కరిరు' అంటే అప్పు తేవడం, రెండో జట్టు. మర్యాదగా చెబితే మొదటిదాంట్లో 'రు' 'రి' అవుతుంది, రెండోదాంట్లో 'రు' రాలిపోతుంది. చివరికి రెండూ 'కరిమసు'యే! "నాన్న కరిమసు" అని నోట్సులో రాసి, ఏది రాశానో తెలీక ఆగిపోయాను. కోతకూలీలకి అప్పు తెచ్చే ఇల్లు మాది. మామూలుగా కాదని చెప్పినప్పుడు తేడా తెలుస్తుంది: 'కరనై' కోయడు, 'కరినై' అప్పు తేడు. ఈ రెండోది మా నాన్న విషయంలో వ్యాకరణానికి సరేగాని, నిజం కాదు.