మెయిల్‌లో వచ్చిన ఫొటో కంప్యూటర్‌లో ఓపెన్ కావట్లేదా? ముందు ఫైల్ పేరు చివర చూడండి!

బేతంచెర్ల పేరు చెబితే గుర్తొచ్చేది పాలిష్ బండలే. రంగు ఎలా ఉంది, నునుపు ఎలా ఉంది అని దూరంగా ఉన్న పార్టీకి చూపించాలంటే ఫొటో పంపాల్సిందే. మరి ఆ ఫొటో అవతలి కంప్యూటర్‌లో ఓపెన్ కాకపోతే? బేరం అక్కడే ఆగిపోతుంది.

ఫైల్ పాడైపోయిందని కంగారు పడకండి. చాలాసార్లు సమస్య ఫార్మాట్‌దే.

పేరు చివర 'హెచ్‌ఈఐసీ' అని ఉందా? అది చాలావరకు ఐఫోన్ ఫొటోనే. 2017లో ఐఓఎస్ 11 నుంచి యాపిల్ ఈ ఫార్మాట్ తెచ్చింది. జేపీజీతో పోలిస్తే సైజు దాదాపు సగమే. కానీ కొన్ని విండోస్ కంప్యూటర్లు దీన్ని గుర్తుపట్టవు.

ఏం చేయాలంటే..

* పంపినవాళ్లను జేపీజీలో మళ్లీ పంపమనండి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెడితే ఇకపై తీసే ఫొటోలు జేపీజీలోనే సేవ్ అవుతాయి.
* మీరే ఓపెన్ చేయాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో 'హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్' ఉచితంగా దొరుకుతుంది.
* సైజు 0 కేబీ చూపిస్తే డౌన్‌లోడ్ సరిగా కాలేదన్నమాట. డిలీట్ చేసి మళ్లీ డౌన్‌లోడ్ చేయండి.
* 'విన్‌మెయిల్ డాట్ డీఏటీ' అనే ఫైల్ వస్తే అది అవుట్‌లుక్ సమస్య. మెయిల్‌ను హెచ్‌టీఎంఎల్ ఫార్మాట్‌లో పంపమని చెప్పండి.

ఒక్క జాగ్రత్త! ఫొటో అని చెప్పి పేరు చివర 'డాట్ ఈఎక్స్‌ఈ' ఉంటే అస్సలు క్లిక్ చేయొద్దు. 2000లో 'ఐ లవ్ యూ' వైరస్ లవ్ లెటర్ టెక్స్ట్ ఫైల్‌లా నటించే ప్రపంచమంతా పాకింది. అనుమానం ఉంటే పంపినవాళ్లకు ఫోన్ చేసి అడిగాకే ఓపెన్ చేయండి.