చెమ్మను పసిగట్టు చౌక పరికరములు

కోనసీమలో మామిడికుదురు మండలమునకు చెందిన నగరం గ్రామమున 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున గెయిల్ సంస్థవారి సహజవాయువు గొట్టము పగిలి మంటలు చెలరేగినవి. 20 మందికి పైగా మరణించిరి. ఇండ్లును, కొబ్బరితోటలును మాడిపోయినవి. 18 అంగుళముల వ్యాసము గల ఆ గొట్టము తాటిపాకనుండి కొండపల్లివైపు వాయువును కొనిపోవుచుండెను. పొడివాయువునకై ఉద్దేశించిన గొట్టములో తడివాయువును పంపుటచే లోపల తుప్పు ఏర్పడినదని విచారణలో తేలినది. వాయువుతో కలసియుండు బొగ్గుపులుసుగాలి నీటిలో కరగినచో ఒక ఆమ్లము పుట్టును. బలహీనమైనదే యైనను, నీరు నిలిచిన చోట అది ఉక్కును నెమ్మదిగా తినివేయును. గొట్టము కారుచున్నదని తాము ముందే చెప్పితిమని గ్రామస్థులు విలేఖరులయెదుట మొరపెట్టుకొనిరి.

అంతటి గొట్టమును కాపాడుట పెద్ద యంత్రాంగముల పని. దానిని మేమిచ్చట విచారింపబోము. అయితే, ఉండరాని చోట నీరు చేరినదన్న వార్త వేళకు తెలియవలసిన అక్కర చిన్న యంత్రములకును కలదు. ఊరి మంచినీటి ఆర్వో ప్లాంటు, రొయ్యల చెరువు గట్టుమీది స్టార్టరు పెట్టె, ఇంటిలోని ఇన్వర్టరు, టీకామందులుంచు ఫ్రిజ్: ఇవన్నియు చెమ్మకు భయపడునవే. వీటిక్రింద ఉంచదగిన సెన్సారులు నేడు వంద రూపాయల లోపునుండియు దొరకుచున్నవి. వాటిలో దేనిని కొనవలెనన్నదే ప్రశ్న. ఒక హెచ్చరిక మాత్రము ముందుగా చేయుదుము. వంటగ్యాసు గాని, మరి యే మండెడు వాయువు గాని చేరు అవకాశమున్న చోట ఈ చౌక పరికరములను పెట్టరాదు. వీని స్విచ్చిలో పుట్టు చిన్న నిప్పురవ్వయే చాలును.

చౌక సెన్సారులలో మిక్కిలి తరచుగా కనబడునది రెండు లోహపు కడ్డీలు గలది. కడ్డీలనడుమ నీరు చేరగనే స్వల్పమైన విద్యుత్తు ప్రవహించును. ఆ ప్రవాహమును ట్రాన్సిస్టరు పెంచి గంట మ్రోగించును. ఇంత సులువైన పరికరము చెడిపోవుటకు కారణము సాధారణముగా ఏకముఖ విద్యుత్తు. అది ఎల్లప్పుడు ఒకే దిక్కున ప్రవహించుచుండినచో, తడి తగిలినప్పుడు ఒక కడ్డీలోని రాగి కరగి నీటిలో కలియును. ఆకుపచ్చని చిలుము పట్టి, కొలదివారములలోనే రాగి గీతలు తెగిపోవును. బజారులో వాననీటి సెన్సారు అనుపేర అమ్ము పలకలు పెక్కు ఈ విధముగనే నశించును. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు గలదానిని ఎన్నుకొనుట మేలు. నిమిషమున కొక్కసారి, రెప్పపాటు కాలము మాత్రమే విద్యుత్తు పంపి చూచుకొను పరికరము మరింత మేలు. అందు బ్యాటరీయు చిరకాలము వచ్చును.

ధరకన్న ముఖ్యమైనది, ఏ నీటిని పసిగట్టవలెనన్న విషయము. ఇది కొనువారికి సాధారణముగా తోచదు. సముద్రము చేరువనున్న మన గ్రామములలో బోరునీరు పెక్కుచోట్ల ఉప్పన. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయును గనుక, ఎంత నాసి సెన్సారైనను దానికి పలుకును. కాని ఆర్వో ప్లాంటులో ఒకే గదిలో రెండువిధముల నీరు కలదు. లోనికి వచ్చునది ఉప్పునీరు. వడపోతనుండి వెలువడునది లవణములు పోయిన నీరు, అందు విద్యుత్తు ప్రసరించుట చాల తక్కువ. ఏసీ యంత్రమునుండి కారు నీరును దాదాపు అట్టిదే. బోరునీటికి బిగ్గరగా మ్రోగిన సెన్సారు ఈ నీటిలో మునిగియు మౌనముగా ఉండవచ్చును. కావున దుకాణమునుండి తెచ్చిన వెంటనే, ఏ నీటికి కాపలా పెట్టదలచితిరో ఆ నీటినే ఒక చెంచాడు పోసి చూడవలెను. పలుకనిచో సున్నితత్వము పెంచు మరను త్రిప్పి చూడుడు. మర లేనిచో మార్చుకొనుడు.

సున్నితత్వము మితిమీరినను చిక్కే. ఉప్పునీరు ఆరిన పిదప కడ్డీలమధ్య లవణపు పొర మిగులును. ముసురుపట్టిన రాత్రి అది గాలిలోని తేమను పీల్చుకొని వృథాగా గంట మ్రోగించును. నాలుగు రాత్రులు అట్లు మ్రోగినచో అయిదవనాడు ఇంటివారు తీగ పీకివేయుదురు. తడిసిన ప్రతిసారియు కడ్డీలను మంచినీటితో కడిగి తుడువవలెను. నేలకు అంటకుండ, రూపాయి బిళ్ళ మందమున ఎత్తి నిలుపవలెను.

ఈ బాధలు పడలేనివారికి తేలుడు స్విచ్చి కలదు. నీటితో పైకిలేచు బెండు స్విచ్చిని మూయును. ఉప్పునీరైనను, శుద్ధజలమైనను దానికొకటే. కాని అంగుళమో, రెండంగుళములో నీరు నిలువనిదే అది కదలదు. సంపునకు, మోటారు గోతికి తగును. ఇన్వర్టరు క్రింద పనికిరాదు. పొడవైన గొట్టపుదారి వెంబడి పరచుటకు త్రాటివంటి సెన్సారు వచ్చును. అది ఖరీదైనది.

తీగ సంగతి మరువరాదు. ఎలుక కొరికిన తీగయు, పొడినేలయు సాధారణ సెన్సారునకు ఒక్కటే, రెండింటికిని మౌనమే. అందువలన తీగ చివర, కడ్డీల ప్రక్కన ఒక మెగ్ ఓము రెసిస్టరును కలిపి, పొడిగా ఉన్నప్పుడును కొద్ది ప్రవాహము సాగునట్లు చేయుదురు. ప్రవాహము పెరిగిన నీరు చేరినదని, పూర్తిగా ఆగిన తీగ తెగినదని అర్థము. ఈ ఏర్పాటునకు తగిన పరికరమునకు మరికొన్ని రూపాయలు ఎక్కువైనను మేము దానినే కొనుమందుము.

ఇక గంట ఎవరికి వినబడవలెనన్నది నిర్ణయింపవలెను. చెరువు గట్టుమీద మ్రోగు గంట నిద్రించుచున్న ఆసామికి చేరదు. ఫోనునకు కబురంపు పరికరమైనచో ఇద్దరి నంబర్లు అందు చేర్చవలెను. సెన్సారును అమర్చుటకు ముందు నేలపై ఒక గ్లాసెడు నీరు పోసి, అది ఏ మూలకు పారునో చూచి, ఆ మూలనే కడ్డీలుంచవలెను. బ్యాటరీ పెట్టెను మాత్రము గోడపై మోకాలెత్తున బిగించి, తీగను అడుగునుండి లోనికి తీయవలెను. నెలకొకసారి అదే నీటితో, అదే చెంచాతో పరీక్షించుచు, పరీక్షించిన తేదీని పెట్టెమీద వ్రాసియుంచుడు.