రాయి దగ్గరికి రండి

విశాఖపట్నానికి సెలవుల్లో వచ్చే చుట్టాల తిరుగుడు నాకు కంఠతా వచ్చు. మొదటి సాయంత్రం రామకృష్ణా బీచ్, ముంత మసాలా, కురుసుర జలాంతర్గామి. మర్నాడు కైలాసగిరి మీద రోప్‌వే. మూడో రోజు తెల్లవారుజామునే రైలెక్కి అరకు. అన్నీ చూడదగ్గవే. అయితే ఈ తీరానికున్న అసలు సొత్తు రాయి. దాన్ని మాత్రం బీచ్ రోడ్డు మీద పోతూ కారు అద్దంలోంచి చూసి వెళ్ళిపోతారు. నేను భీమిలిలో పుట్టి, ఇక్కడి హైస్కూల్లోనే సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఆదివారాలు పిల్లల్ని వెంటేసుకుని ఈ రాళ్ళ మీద తిరగడం ఉద్యోగంలో ఉండగా మొదలైంది, ఇప్పటికీ మానలేదు. ఎవరైనా వస్తున్నామని ఫోన్ చేస్తే ముందు చెప్పే మాట ఒకటే: చెప్పులు కాదు, బూట్లు తెచ్చుకోండి.

కృష్ణా, గోదావరి నదులు తెచ్చి పోసిన మట్టితో ఏర్పడిన మధ్యాంధ్ర తీరం చదునుగా ఉంటుంది. అక్కడ కొండ కోసం వెతకాలి. ఉత్తరానికి వచ్చేకొద్దీ తూర్పు కనుమలు సముద్రం వైపు జరుగుతూ వచ్చి, విశాఖ దగ్గర కొండలు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. డాల్ఫిన్స్ నోస్ అలా దిగినదే. 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవుకి దక్షిణం నుంచి కాపు కాస్తున్నది ఆ కొండే. ఈ కొండల్లో ఎక్కువగా ఉండే రాయిని ఖొండలైట్ అంటారు. ఎప్పుడో మట్టిగా పేరుకున్న పొరలు భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మారిపోయి, సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట ఈ రూపం తెచ్చుకున్నాయి. తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గర వంగి చూడండి. పులిహోరలో వేరుశనగ పలుకుల్లా ఎర్రటి గార్నెట్ గింజలు రాతి నిండా కనిపిస్తాయి. అలలు వాటినే ఊడదీసి ఒడ్డున పరుస్తాయి. భీమిలి ఇసుకలో అక్కడక్కడ గులాబీ రంగు చారలు, పక్కనే నల్లటి చారలు కనబడతాయి. గులాబీ రంగు గార్నెట్‌ది. నలుపు ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలది. తేలికైన తెల్ల ఇసుకను అల వెనక్కి లాక్కుపోతే బరువైనవి అక్కడే మిగులుతాయి. ఒక అయస్కాంతం తీసుకెళ్ళి ఆ నల్ల ఇసుక మీద పెట్టించండి. ఏడో తరగతి పిల్లకి ఆ రోజు పాఠం మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇక నేను ఎక్కువసేపు గడిపే చోటుకి వస్తాను. సముద్రం పాటు తీసినప్పుడు, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, రాళ్ళ మధ్య గుంటల్లో నీరు నిలుస్తుంది. జోడుగుళ్ళపాలెం, ఋషికొండ, మంగమారిపేట, యారాడ, ఎక్కడ రాయి ఉంటే అక్కడ ఈ గుంటలుంటాయి. పైనుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. పక్కన కూర్చుని, నీడ పడకుండా చూసుకుని, రెండు నిమిషాలు కదలకుండా ఉండాలి. అప్పుడు ఒక నత్తగుల్ల నడవడం మొదలుపెడుతుంది, ఎందుకంటే దాన్లో ఉన్నది నత్త కాదు, ఖాళీ గుల్లను ఇల్లు చేసుకున్న పీత. ఇంకాసేపటికి రాతి రంగులోనే ఉన్న గోబీ చేప ఒకటి చటుక్కున జరుగుతుంది. నల్లటి సముద్రపు అర్చిన్లు ముళ్ళు ఆడిస్తుంటాయి. సీ ఎనిమోన్ తన చేతులు చాపి మేతకోసం చూస్తుంటుంది. గట్టుకు అతుక్కున్న ఆకుపచ్చ, గోధుమరంగు ముద్దలు నాచు అనుకుంటారు గానీ అవి జోయాంథిడ్లు, పగడాలకు దగ్గర చుట్టాలైన జంతువులు. వాటిని చేత్తో ముట్టుకోవద్దు. కొన్ని రకాల్లో చాలా ప్రమాదకరమైన విషం ఉంటుంది. నా పిల్లలకి ఒకటే నియమం పెట్టాను. చేతులు వెనక్కి కట్టుకోవాలి, కళ్ళతోనే చూడాలి. ఏదైనా రాయి తిరగేస్తే దాన్ని ఎలా ఉన్నదలా మళ్ళీ పెట్టాలి. దానికింద నీడలో బతికే ప్రాణి ఎండకి నిమిషాల్లో చచ్చిపోతుంది.

ఇక్కడ పోటుకీ పాటుకీ మధ్య నీటి ఎత్తులో తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటర్లే. అందుకే సరైన వేళ చూసుకుని వెళ్ళాలి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఆ వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. టైడ్ టేబుల్ ఫోన్లోనే దొరుకుతుంది. నీరు అట్టడుగుకి చేరడానికి గంట ముందు రాళ్ళ దగ్గరుండి, తిరిగి పొంగడం మొదలవగానే లేచి రావాలి. ఇంకో సంగతి చాలామంది విశాఖవాసులకే తెలియదు. ఇక్కడి సముద్రమట్టం ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు. మార్చి ప్రాంతంలో అన్నిటికన్నా దిగువకి పోతుంది, అక్టోబరు, నవంబరుల్లో అన్నిటికన్నా పైకి వస్తుంది. వేసవి మొదట్లో తీరం వెంట నైరుతి నుంచి వీచే గాలులు పైనీటిని ఒడ్డుకు దూరంగా తోసేస్తాయి. దాని చోటులోకి అడుగునుంచి చల్లని నీరు లేస్తుంది. ఆ నీటితో పాటు పోషకాలు పైకి రావడం, వాటిని తిని ప్లవకాలు, అంటే నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు, పెరగడం, వాటికోసం చేపలు చేరడం, అన్నీ వరసగా జరుగుతాయి. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఇక్కడి విద్యార్థులతో కలిసి ఈ విషయాలన్నీ ఇదే తీరంలో కొలిచాడు. మనకి పనికొచ్చే ముక్క ఇది: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకూ పౌర్ణమి, అమావాస్యల చుట్టూ రోజుల్లో వస్తే మిగతా కాలంలో కనబడని రాళ్ళు కూడా బయటపడతాయి.

మంగమారిపేట దగ్గర సహజ శిలాతోరణం ఉంది. రాతి మొనకు ఇరుపక్కలా అలలు కొట్టి, మెత్తటి చోట తొలుచుకుంటూ పోయి, చివరికి ఆ కన్నం అటూ ఇటూ కలిసిపోతే మిగిలిన కమాను అది. పాటు వేళ దాని దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు. దాని మీదికి ఎక్కి ఫొటో దిగేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది. ఏ అల తొలిచిందో ఆ అల ఇంకా తొలుస్తూనే ఉంది. మన బరువు కూడా దాని మీద మోపడం దేనికి?

ఆ తోరణానికి ఎదురుగా రోడ్డు దాటితే తొట్లకొండ. పైదాకా కారు పోతుంది. నడిచి ఎక్కితేనే బాగుంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే మలుపు మలుపుకీ సముద్రం వెడల్పవుతుంది. 1970ల్లో నౌకాదళం వాళ్ళు విమానంలోంచి సర్వే చేసినప్పుడు ఈ బౌద్ధారామం జాడ బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. రెండువేల ఏళ్ళ కిందట ఇక్కడ భిక్షువులు ఉండేవారు. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయంటే, కిందనున్న సముద్రం మీద ఓడలు ఎంత దూరం పోయి వచ్చేవో ఊహించండి. అందరూ స్తూపం దగ్గర ఆగుతారు. నేను పిల్లల్ని రాతిలో తొలిచిన నీటి తొట్ల దగ్గర కూర్చోబెడతాను. ఏరు లేని కొండ మీద వందలాది వర్షాకాలాల నీటిని ఈ తొట్లలో పట్టుకుని ఒక సంఘం బతికింది. భీమిలిలో పావురాలకొండ మీద కూడా అలాంటివే 16 తొట్లున్నాయి. అక్కడికి జనం తక్కువ. పైనుంచి చూస్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు మొత్తం కనబడుతుంది. కొండ దిగి ఊళ్ళోకి వస్తే డచ్చివాళ్ళ సమాధులు ఉన్నాయి. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే మిగిలిపోయినవాళ్ళవి.

ఋషికొండకీ భీమిలికీ మధ్యలో ఎర్రమట్టి దిబ్బలు. సినిమాల్లో పాటల పుణ్యమా అని అందరికీ తెలుసు. అయితే అక్కడ నిలబడినప్పుడు తెలుసుకోవలసింది ఏమిటంటే, అది మట్టి కాదు, ఇసుక. గడచిన మంచుయుగం తారస్థాయిలో ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. ఇక్కడి ఒడ్డు చాలా దూరం తూర్పుకి జరిగిపోయింది. బయటపడ్డ ఇసుకను వేల ఏళ్ళపాటు గాలి ఎగరేసి ఇక్కడ పోగేసింది. అందులోని గార్నెట్ వంటి ఇనుము ఉన్న ఖనిజాలు వానకీ ఎండకీ శిథిలమై, ప్రతి ఇసుక రేణువుకీ తుప్పుపూత పట్టింది. ఆ ఎరుపు అదే. ఆ తర్వాత వానలు, పెద్దగెడ్డ, చిట్టిగెడ్డ అనే వాగులు ఆ దిబ్బల్ని లోతుగా కోసి గోడలు, మెలికలు, మొనలు దిద్దాయి. దక్షిణాసియాలో ఇలాంటి దిబ్బలు ఇవి కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. మన భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరింది. తాత్కాలిక జాబితా అంటే ప్రపంచ వారసత్వ హోదా వచ్చేసినట్టు కాదు, దానికి పోటీలో నిలబడడానికి అర్హత. 2024లో దిబ్బల అంచున యంత్రాలతో నేల చదును చేస్తుంటే ఊరివాళ్ళూ శాస్త్రవేత్తలూ గొంతెత్తారు, అప్పుడు పని ఆగింది. నడిచేవాళ్ళకి నా మనవి: అడుగున గెడ్డ పారిన ఇసుక దారిలోనే నడవండి. మొనల మీదికి ఎక్కొద్దు. మీ కాలికింద జారిన ఇసుకను తిరిగి అక్కడ పెట్టే గాలి ఇప్పుడు లేదు. వానాకాలంలో గోడలు విరిగి పడతాయి, ఆ నెలల్లో లోపలికి వెళ్ళకపోవడమే మంచిది.

నీళ్ళలోకి దిగాలనుకునేవాళ్ళకి ఋషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్ అది. స్నానపు గదులు, కాపలాదారులు ఉంటారు. కయాక్ నడపొచ్చు, సర్ఫింగ్ నేర్చుకోవచ్చు, స్కూబా డైవింగ్ కూడా ఉంది. కయాక్‌కి పొద్దుటిపూట మేలు. మధ్యాహ్నానికి గాలి లేచి నీరు గరుకెక్కుతుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ తీరం ప్రతి ఏడాదీ పిల్లల్ని మింగుతోంది. ఎక్కువమంది బయట ఊళ్ళనుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు. అలలు ఒడ్డుకు తోసిన నీరు తిరిగి పోవాలి కదా. అది ఎక్కడ లోతు ఉంటే అక్కడ సన్నటి కాలువలా చేరి జోరుగా లోపలికి లాగుతుంది. రిప్ కరెంట్ అంటే ఇదే. ఆ చోట అల విరగదు, అందువల్ల పక్కలకన్నా ప్రశాంతంగా కనబడుతుంది. స్నానానికి మంచి చోటనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. లాగేస్తుంటే ఒడ్డు వైపు ఎదురీదితే ఎంత గజ ఈతగాడికైనా బలం అయిపోతుంది. తేలుతూ ఉండాలి, చెయ్యెత్తి పిలవాలి, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది ఆ కాలువ దాటాక బయటికి రావాలి. రామకృష్ణా బీచ్‌లోనూ, యారాడలోనూ మోకాలి లోతు దాటి వెళ్ళకండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు అంచనాలు రోజూ ఇస్తుంది, చూసుకోండి. రాళ్ళ మీద ఉన్నా ఇదే జాగ్రత్త. మంగమారిపేటలో వల బాగుచేసుకుంటున్న ఒక తాత నా పిల్లలకి చెప్పిన మాట ఇప్పటికీ ప్రతిసారీ చెబుతాను: "సముద్రానికి ఈపు సూపించకండమ్మా."

యారాడ గురించి చెప్పాలి. మూడువైపులా కొండ, నాలుగోవైపు సముద్రం. కొండ మీదుగా దిగే రోడ్డు మలుపులో మొదటిసారి బీచ్ కనబడ్డప్పుడు బండి ఆపని వాళ్ళని నేను చూడలేదు. చూడ్డానికి దానంత అందమైనది ఈ జిల్లాలో లేదు. నీళ్ళు మాత్రం మోసం. ఎండ ఎక్కువైతే కంబాలకొండ అడవిలో నడవొచ్చు, ఊరి అంచునే చిరుతలు తిరిగే అభయారణ్యం. గైడు వెంట లేకుండా దారి తప్పి పోవద్దు.

జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వచ్చేవాళ్ళకి ఇంకోటి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు ఈ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో తల్లి వందకి అటూఇటూ. కుక్కల నుంచి కాపాడడానికి అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లని కంచె వేసిన చోట్లకి చేర్చి, 45 నుంచి 60 రోజుల తర్వాత బయటికొచ్చిన పిల్లల్ని సముద్రంలో వదులుతారు. వాళ్ళని అడిగితే ఏ పొద్దున వదులుతారో చెబుతారు. ఫ్లాష్ కొట్టకండి. వెలుగు ఎటుంటే పిల్లలు అటు నడుస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు మర పడవల వేట నిషేధం ఉంటుంది కాబట్టి, తాజా వంజరం, చందువ తినాలని వచ్చేవాళ్ళు అంతకుముందే రండి.

కారు లేకపోయినా ఫరవాలేదు. రైల్వేస్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి 900కె బస్సు ఉంది. కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. ముందుగా టైడ్ టేబుల్ చూసుకుని, పాటుకి గంట ముందు చేరేలా మంగమారిపేటలో దిగండి. తోరణం, గుంటలు చూసుకుని, నీరు తిరిగాక తొట్లకొండ ఎక్కండి. తర్వాతి బస్సులో ఎర్రమట్టి దిబ్బలు, ఆపైన భీమిలి. మంచినీళ్ళు రెండు సీసాలు పెట్టుకోండి, ఖాళీ సీసాలు తిరిగి మీ సంచిలోనే వేసుకోండి, దారిలో నీడ తక్కువ కాబట్టి టోపీ మరవకండి.