ఏ రాయి మీద వండుతున్నాం?

వంటగట్లన్నీ పైకి నున్నటి నల్ల బండలే. ఆవకాయ రసం కొన్నింటి మీద ఆనవాలు లేకుండా తుడుచుకుపోతుంది, కొన్నింటి మీద శాశ్వతంగా మచ్చ పెడుతుంది. తప్పు పనిమనిషిదీ కాదు, సబ్బుదీ కాదు. గట్టు ఏ రాయితో కట్టారో తెలియకుండా కడగడమే అసలు చిక్కు.

రాళ్లలోని తేడా నేల మీదే కనిపిస్తుంది. సూర్యాపేట నుంచి కృష్ణ ఒడ్డు వైపు వెళ్తుంటే కాళ్ల కింద రాయే మారిపోతుంది. పట్టణం చుట్టుపక్కల గ్రానైటు నేల. కోదాడ దాటి మేళ్లచెరువు, హుజూర్‌నగర్ దాటి మఠంపల్లి, మిర్యాలగూడ దాటి వాడపల్లి వైపు సాగితే సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలన్నీ అటే వెలిశాయంటే కారణం అదే. భూమి లోపల కరిగిన శిల నిదానంగా చల్లారితే గ్రానైటు అయింది. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నది సున్నపురాయి అయింది. ఈ పుట్టుకలోని తేడా వంటింటి దాకా వస్తుంది.

మన గట్ల మీదా ఈ రెండు జాతులే. కరీంనగర్ ట్యాన్ బ్రౌన్ గ్రానైటు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ శాస్త్రం ప్రకారం గాబ్రో జాతిదే అయినా, బజారులో గ్రానైటుగానే చెలామణీ అవుతుంది, పులుపుకు దానిలాగే తట్టుకుంటుంది. పాత ఇళ్ల గట్లకూ అరలకూ వేసిన కడప బండలు, తాండూరు నాపరాళ్లు మాత్రం సున్నపురాళ్లు. పూజగదిలోని పాలరాయీ వాటి చుట్టమే.

మెరుపు పూత కాదు

సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రికి వెళ్లి చూడండి. 1208లో ఎరకసానమ్మ కట్టించిన ఎరకేశ్వరాలయంలో నల్లరాతి స్తంభాలు ఇప్పటికీ నున్నగా మెరుస్తాయి. ఎనిమిది వందల ఏళ్లు దాటిన ఆ మెరుపు సీలర్ (రాతి రంధ్రాలను మూసే పూత) పూసి తెచ్చింది కాదు. రాతి మెరుపు పైన రాసేది కాదు. గరుకు తగ్గించుకుంటూ అరగదీసి తెచ్చిన నునుపు. గట్టు వెలవెలబోయిందంటే ఆ నునుపు మీద ఏదో పొర పేరుకుందని, లేదా ఆ నునుపే పోయిందని అర్థం. పొర పేరుకుంటే తీయొచ్చు. నునుపు పోతే మాత్రం మేస్త్రీని పిలిచి మళ్లీ పాలిష్ పెట్టించుకోవాల్సిందే.

నిమ్మచుక్క పరీక్ష

గట్టు ఏ రాయో తేల్చుకోవడానికి స్టవ్ వెనక, ఎవరికీ కనబడని మూలన ఒక్క నిమ్మచుక్క వేసి ఐదు నిమిషాలు ఆగండి. సన్నగా బుడగలు వచ్చినా, తుడిచాక అక్కడ మెరుపు పోయినా అది సున్నపురాయి. ఏమీ కాకపోతే గ్రానైటు జాతి. సున్నపురాయిలో ఉండేది కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే అది కరుగుతుంది. చింతపండు, పెరుగు, టమాటా, మామిడికాయ రసం అన్నీ ఆ పని చేసేవే. అలా పడ్డ తెల్లమచ్చను ఎంత తోమినా పోదు. ఎందుకంటే అక్కడ మురికి చేరలేదు, రాయే తరిగింది.

గట్టిదనంలోనూ పొంతన లేదు. మోస్ కొలతలో గ్రానైటులోని క్వార్ట్జ్‌కు 7, ఫెల్డ్‌స్పార్‌కు 6. సున్నపురాయిలోని కాల్సైట్‌కు 3 మాత్రమే. గ్రానైటు మీద కూరగాయలు తరిగితే కత్తి మొండిబారుతుంది. కడప బండ మీద తరిగితే గీత పడేది బండకే.

కుళాయి కింద తెల్లపొర

బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుళాయి మొదట్లో, సింకు చుట్టూ తెల్లగా గట్టిపడేది ఉప్పు అనుకుంటాం. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. అంటే గ్రానైటు గట్టు మీద మన చేతులారా సున్నపురాయి పెంచుతున్నామన్నమాట. అందుకే పులుపుకు కరుగుతుంది. గ్రానైటు మీదైతే నీళ్లు కలిపిన వెనిగర్‌లో ముంచిన గుడ్డను కొద్ది నిమిషాలు పరిచి, ప్లాస్టిక్ కార్డుతో గీకి, వెంటనే నీళ్లతో కడిగేయొచ్చు. కడప బండ మీద ఆ పని వద్దు. ఏది పొరో ఏది బండో యాసిడ్‌కు తెలియదు, రెండింటినీ తినేస్తుంది. అక్కడ గోరువెచ్చని సబ్బునీళ్లతో నానబెట్టి, ఓపిగ్గా గీకడమే దారి.

బాత్రూం యాసిడ్ ఏ రాయికీ పనికిరాదు. గ్రానైటులోని ఇనుప ఖనిజాలు పసుపుపచ్చగా మారతాయి, స్టీలు సింకుకు మచ్చలు పడతాయి. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్‌తో కలిపితే వెలువడే క్లోరిన్ వాయువు ప్రాణాంతకం.

మరకకో మందు

నూనె మరక రాతి రంధ్రాల్లోకి దిగుతుంది. తినే సోడాను నీళ్లతో ముద్దగా కలిపి మరక మీద మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి రాత్రంతా ఉంచండి. పొద్దున కవరు తీసి, ముద్ద ఆరాక తుడిచేస్తే నూనెను అది లాగేసుకుని ఉంటుంది. మొండి మరకైతే మళ్లీ వేయాలి. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు. ఎండ పడే చోటైతే రోజుల్లోనే వెలిసిపోతుంది. తడి ఇనుప మూకుడును గట్టు మీద వదిలేస్తే తుప్పు వలయం పడుతుంది. స్టీలు పీచు తునకలూ అలాగే తుప్పుపడతాయి. గ్రానైటు వేడికి ఓరుస్తుంది కానీ, సలసల కాగే గిన్నె దించిన చోటే చన్నీళ్లు పోస్తే బీట వారొచ్చు. స్టవ్ కోసం, సింకు కోసం కోసిన చోట్ల బండ సన్నగా ఉంటుంది కనుక భయం అక్కడే ఎక్కువ.

సీలర్ కావాలా వద్దా అన్నది నీళ్లే చెబుతాయి. నాలుగు చుక్కలు వేసి పావుగంట ఆగండి. కింద రాయి నల్లబడితే కావాలి, చుక్కలు పూసల్లా నిలిస్తే డబ్బు దండగ. కొత్త నల్ల బండ కొనేటప్పుడు నెయిల్ పాలిష్ రిమూవర్‌లో తడిపిన తెల్లగుడ్డతో రుద్దండి. నలుపు అంటుకుంటే అది రంగేసిన రాయి.

రోజువారీ పనికి మాత్రం నాలుగు చుక్కల గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. చివర్లో పొడిగుడ్డతో తుడవడం మాత్రం మరవొద్దు. తెల్లపొర కట్టేది నీళ్లు పడినప్పుడు కాదు, అవి గట్టు మీదే ఆరిపోయినప్పుడు.